ఒకే పెట్టెలో రెండు కంప్యూటర్లు - ఒకే అడ్రసు పేచీ



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ గారు అడిగారు. మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే ఉండి డిగ్రీ చదువుకున్నవాళ్ళం. ఇప్పుడు తలా ఒక ఉద్యోగం చేసుకుంటూ, వీలైన ఆదివారాల్లో లైబ్రరీ గదిలో ఉన్న ఐదు కంప్యూటర్ల దగ్గర తమ్ముళ్ళకు పాఠాలు చెబుతున్నాం. ఏ పాఠం రాయాలా అని ఆలోచిస్తే, మేము చెప్పిన పాఠాల కంటే మేము చేసిన ఒక తప్పే మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని అనిపించింది. అందుకే దాచుకోకుండా రాస్తున్నాం.

ఆ ఆదివారం ఏం జరిగింది?

2022లో లైనక్స్ పాఠాలు మొదలుపెట్టాం. కంప్యూటర్లలో విండోస్ తీసేసి లైనక్స్ వేస్తే మిగతావాళ్ళ పని ఆగిపోతుంది. కాబట్టి మూడో నంబరు కంప్యూటర్లో వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాం. ఇది ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టుగా నడిపిస్తుంది. ఆ లోపలి కంప్యూటర్లో ఉబుంటు లైనక్స్ వేసి, అందులో ఒక చిన్న వెబ్ పేజీ పెట్టాం. మిగతా నాలుగు కంప్యూటర్ల నుంచి తమ్ముళ్ళు ఆ పేజీని తెరిచి చూడాలని మా ఉద్దేశం.

లోపలి కంప్యూటర్‌కు ఐపీ అడ్రసు ఇవ్వమని అడిగినప్పుడు మేము 192.168.1.13 అని కొట్టాం. అది మూడో నంబరు కంప్యూటర్ విండోస్‌కు అంతకుముందే ఇచ్చి ఉన్న అడ్రసు. రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి కదా, అడ్రసు కూడా ఒకటే ఉండాలేమో అనుకున్నాం. తెర మూలన ఏదో హెచ్చరిక వచ్చింది. చదవకుండానే మూసేశాం.

స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఆ రోజే చివరి తేదీ. మొదటి సంవత్సరం తమ్ముడొకడు అదే మూడో నంబరు కంప్యూటర్లో విండోస్ తెరిచి, ఫారం నింపి, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు ఎక్కిస్తున్నాడు. మా లైనక్స్ వెనకాల నడుస్తూనే ఉంది. పేజీ తెరుచుకుంటోంది. కానీ పత్రం సగం ఎక్కగానే ఆగిపోతోంది. నాలుగుసార్లు అలాగే అయింది. “నువ్వేదో నొక్కావురా, రాకపోతే అడగాలి కదా” అని అందరి ముందూ మేము కసిరాం. ఆ తమ్ముడు ఒక్క మాట మాట్లాడలేదు. పత్రాలు సంచిలో పెట్టుకుని, ఎండలో టౌనుకు నడిచి వెళ్ళి, నెట్ సెంటర్లో డబ్బులిచ్చి పని ముగించుకున్నాడు.

సాయంత్రం తిరిగి వచ్చి తన నోటు పుస్తకం మా ముందు పెట్టాడు. తను ప్రయత్నించిన నాలుగుసార్లూ టైము రాసుకున్నాడు. భోజనాల వేళ మేము లైనక్స్ మూసేసి వెళ్ళినప్పుడు, అదే కంప్యూటర్లో తన రూమ్‌మేట్ పత్రాలు మొదటిసారికే ఎక్కాయని, మేము తిరిగొచ్చి తెరిచాక ఇంకొకరికి మళ్ళీ ఆగిపోయిందని కనుక్కుని అదీ రాశాడు. “అన్నా, మీరు ఆ నల్ల కిటికీ తెరిచినప్పుడే పోతోంది” అన్నాడు. అప్పుడు వెతికితే తప్పు మాదేనని తేలింది.

స్కాలర్‌షిప్ ఒక ఏడు ఆగితే మన ఇళ్ళల్లో పరిస్థితి ఏమిటో ఇది చదివే వాళ్ళెవరికీ చెప్పనక్కరలేదు. అందుకే ఈ పాఠం.

ఇద్దరికి ఒకే పేరు ఉంటే

ముందుగా అడ్రసు సంగతి చూద్దాం. మేము చదువుకునే రోజుల్లో మన హాస్టల్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఇద్దరుండేవారు. మనియార్డరు వస్తే ఎవరు ముందు కనిపిస్తే పోస్ట్‌మ్యాన్ వారికే ఇచ్చేవారు. డబ్బు అందనివాడు ఇంటికి ఉత్తరం రాసేవాడు. చివరకు పేరుతో పాటు అడ్మిషన్ నంబరు కూడా రాయాలని వార్డెన్ గారు నియమం పెట్టాక ఆ గొడవ తీరింది.

కంప్యూటర్లకు కూడా ఇలాంటివే రెండు గుర్తులు ఉంటాయి. ఐపీ అడ్రసు పేరు లాంటిది. దాన్ని మనం ఇస్తాం, మార్చుకోవచ్చు. మ్యాక్ అడ్రసు అడ్మిషన్ నంబరు లాంటిది. అది నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చే 48 బిట్ల సంఖ్య.

ఒకే గదిలోని కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ఐపీ అడ్రసు ఒక్కటే సరిపోదు, మ్యాక్ అడ్రసు కూడా తెలియాలి. అందుకు వాడే పద్ధతిని ఆర్ప్ అంటారు. డేవిడ్ ప్లమ్మర్ 1982లో రాసిన పత్రంలో దీన్ని వివరించారు. పద్ధతి మన హాజరు పిలుపు లాంటిదే. “192.168.1.13 ఎవరు?” అని రౌటర్ అందరినీ అడుగుతుంది. ఆ అడ్రసు ఉన్న కంప్యూటర్ “నేనే, నా మ్యాక్ ఇది” అని జవాబిస్తుంది. రౌటర్ ఆ జవాబును తన పట్టికలో కొంతసేపు ఉంచుకుంటుంది.

ఇద్దరు “నేనే” అంటే? రౌటర్ ఎవరి జవాబు చివరగా వింటే సాధారణంగా వారినే నమ్ముతుంది. తమ్ముడి పత్రం విషయంలో జరిగింది ఇదే. విండోస్ పంపిన పత్రానికి బయటి నుంచి వచ్చిన జవాబు లైనక్స్‌కు చేరింది. తను మొదలుపెట్టని సంభాషణ కాబట్టి “ఇది నాది కాదు” అని లైనక్స్ దాన్ని తెంచేసింది. చిన్న పేజీ అయితే ఈ పేచీ మధ్యలోనే దాటిపోతుంది. పెద్ద పత్రం ఎక్కడానికి సమయం పడుతుంది కాబట్టి మధ్యలో తెగిపోతుంది. “పేజీ వస్తోంది కానీ ఫైలు వెళ్ళడం లేదు” అని ఎవరైనా అంటే వారిని అనుమానించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అతిథికి మూడు రకాల గదులు

బయటి కంప్యూటర్‌ను హోస్ట్ అంటారు, అంటే ఆతిథ్యం ఇచ్చేది. లోపలిది గెస్ట్, అంటే అతిథి. అతిథిని నెట్‌వర్క్‌కు కలపడానికి వర్చువల్‌బాక్స్‌లో ముఖ్యంగా మూడు పద్ధతులు ఉన్నాయి.

1. నాట్: అతిథి లోపలి గదిలో ఉంటుంది. దానికి 10.0.2.15 అనే అడ్రసు వస్తుంది. దానికి బయటకు దారి 10.0.2.2. బయటివాళ్ళకు హోస్ట్ అడ్రసే కనిపిస్తుంది. ఇంట్లో చుట్టం ఉన్నా ఉత్తరం మీద ఇంటి అడ్రసే ఉన్నట్టు. రెండు గెస్టులను ఈ పద్ధతిలో నడిపితే రెండింటికీ 10.0.2.15 అనే ఉంటుంది, అయినా గొడవ రాదు. ఎందుకంటే ఎవరి గది వారిది.

2. బ్రిడ్జ్: అతిథి నేరుగా వీధిలోకి వస్తుంది. రౌటర్ దృష్టిలో అది ఆరో కంప్యూటర్. పెట్టె ఒకటే అన్న సంగతి రౌటర్‌కు తెలియదు. కాబట్టి దానికి సొంత ఐపీ అడ్రసు తప్పనిసరి. మేము పెట్టింది ఈ పద్ధతే. మిగతా కంప్యూటర్లు దానిలోని పేజీని చూడాలి కదా.

3. హోస్ట్-ఓన్లీ: హోస్ట్, గెస్ట్ రెండే మాట్లాడుకునే ప్రత్యేక దారి. ఇందులో హోస్ట్‌కు మామూలుగా 192.168.56.1 ఉంటుంది. గెస్టులకు 192.168.56.101 నుంచి వస్తాయి.

పేచీ వచ్చే నాలుగు దారులు

మొదటిది, మాలాగా చేత్తో ఒకే అడ్రసును రెండింటికీ ఇవ్వడం.

రెండవది, చేత్తో ఇచ్చిన అడ్రసు రౌటర్ పంచే అడ్రసుల్లో ఉండటం. అడ్రసులు వాటంతట అవే పంచే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. ఉదాహరణకు రౌటర్ 192.168.1.100 నుంచి 199 వరకు పంచుతోందనుకుందాం. మనం గెస్ట్‌కు 192.168.1.105 అని చేత్తో ఇస్తే ఈ రోజు బాగానే ఉంటుంది. రేపు ఎవరి ఫోనుకో రౌటర్ అదే 105 ఇచ్చిందంటే పేచీ మొదలవుతుంది.

మూడవది, నకలు తీయడం. ఒక గెస్ట్‌ను తయారు చేసి దాన్నే నాలుగు కంప్యూటర్లకు కాపీ చేస్తే, మ్యాక్ అడ్రసు కూడా కాపీ కావచ్చు. నలుగురికి ఒకే అడ్మిషన్ నంబరు ఇచ్చినట్టు. రౌటర్ నలుగురినీ ఒకరే అనుకుని అందరికీ ఒకే ఐపీ ఇస్తుంది. ఇక్కడ ఐపీ మార్చినా గొడవ పూర్తిగా పోదు, మ్యాక్ మార్చాల్సిందే. క్యూఎము అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో మనం ప్రత్యేకంగా చెప్పకపోతే ప్రతి గెస్ట్ 52-54-00-12-34-56 అనే ఒకే మ్యాక్‌తో మొదలవుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. ఉబుంటు సర్వర్ 18.04 నుంచి లైనక్స్ తనను తాను రౌటర్‌కు పరిచయం చేసుకునేటప్పుడు మ్యాక్‌కు బదులు మెషీన్-ఐడీ అనే ఫైలు నుంచి తయారైన గుర్తు చెబుతుంది. నకలులో ఆ ఫైలు కూడా ఒకటే. అందువల్ల మ్యాక్ మార్చినా ఒకే ఐపీ రావచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక మేము రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాం.

నాలుగవది, అడ్రసు కాదు, వీధి పేరే ఒకటి కావడం. ఇళ్ళల్లో, ఆఫీసుల్లో వాడుకోవడానికి 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రంలో విడిగా కేటాయించారు. ప్రపంచం మొత్తానికి ఐపీ నాలుగో వెర్షన్ అడ్రసులు సుమారు 430 కోట్లే కాబట్టి, ఇవే అడ్రసులను ఎవరి గోడల మధ్య వారు మళ్ళీ మళ్ళీ వాడుకుంటారు. మన ఆఫీసు నెట్‌వర్క్ కూడా 192.168.56తోనే మొదలైతే, హోస్ట్-ఓన్లీ దారి, ఆఫీసు దారి ఒకే పేరుతో ఉంటాయి. కొత్తపల్లి పేరుతో మనకు ఎన్నో ఊళ్ళున్నాయి. బస్సు ఎక్కి “కొత్తపల్లి” అని టికెట్ అడిగితే కండక్టర్ ఏ కొత్తపల్లి అని తిరిగి అడుగుతాడు. కంప్యూటర్ అడగదు, తనకు తోచిన దారిలో పంపేస్తుంది.

ఎలా కనిపెట్టాలి?

ఇక అసలు పనికి వద్దాం. కింది వరుసలో చూసుకుంటూ పోవాలి.

1. హెచ్చరిక చదవాలి. విండోస్ అడ్రసు పేచీని గమనిస్తే చాలాసార్లు తెర మీద చెబుతుంది. మేము చేసినట్టు మూసేయకండి.

2. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఏటవాలు గీత, ఆల్ అని కొట్టాలి. అడ్రసు పక్కన డూప్లికేట్ అని ఉంటే పేచీ ఖాయం. 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపిస్తే, అసలు అడ్రసు దొరక్క కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. పేచీ వల్ల కావచ్చు, రౌటర్ అందకపోవడం వల్ల కావచ్చు.

3. లైనక్స్‌లో ఐపీ, ఖాళీ, యాడ్ర్ అనే కమాండ్‌తో గెస్ట్ అడ్రసు చూడాలి. రెండు అడ్రసులూ కాగితం మీద పక్కపక్కన రాయాలి. ఐపీ, మ్యాక్ రెండూ రాయాలి. కళ్ళతో పోల్చితే పొరపాటు పడతాం.

4. మూడో వ్యక్తిని అడగాలి. అంటే ఇంకో కంప్యూటర్ నుంచి అనుమానం ఉన్న అడ్రసుకు పింగ్ చేసి, ఆర్ప్, ఖాళీ, అడ్డగీత, ఏ అనే కమాండ్ కొట్టాలి. ఆ అడ్రసు ఎదురుగా మ్యాక్ కనిపిస్తుంది. అది 08-00-27తో మొదలైతే జవాబిచ్చింది వర్చువల్‌బాక్స్ గెస్ట్ అయి ఉంటుంది. కొంతసేపటికి మళ్ళీ చూస్తే మ్యాక్ మారిపోయి ఉంటే ఇద్దరు ఒకే పేరుతో పలుకుతున్నట్టే. లైనక్స్‌లో ఆర్పింగ్ అనే కమాండ్ ఉంటే రెండు మ్యాకుల జవాబులూ ఒకేసారి కనిపిస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. వైఫై మీద బ్రిడ్జ్ పెడితే వర్చువల్‌బాక్స్ గెస్ట్ మ్యాక్‌కు బదులు హోస్ట్ మ్యాక్‌నే బయటకు చూపిస్తుంది. కాబట్టి వైఫైలో మ్యాక్ ఒకటే ఉందని పేచీ లేదనుకోకూడదు. ఈ పరీక్ష కేబుల్ మీదే నమ్మదగినది.

5. ఒకరిని పక్కకు తప్పించి చూడాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం, మేము పొరబడింది కూడా ఇక్కడే. మామూలు కంప్యూటర్లలో పేచీ వస్తే ఒక పాత చిట్కా ఉంది. అనుమానం ఉన్న కంప్యూటర్ కేబుల్ పీకి, దాని అడ్రసుకు పక్క కంప్యూటర్ నుంచి పింగ్ చేస్తారు. జవాబు వస్తే ఆ అడ్రసుతో ఇంకెవరో ఉన్నట్టు. మేమూ మూడో నంబరు కేబుల్ పీకి చూశాం. జవాబు రాలేదు. ఇంకెవరూ లేరని తేల్చి, తప్పు తమ్ముడిదే అనుకున్నాం. కానీ ఆ కేబుల్ పీకితే హోస్ట్ ఒక్కటే పోదు. దాని లోపల ఉన్న గెస్ట్ కూడా పోతుంది. ఇద్దరూ ఒకే గుమ్మం నుంచి వెళ్ళేవాళ్ళే కదా. గుమ్మం మూసి “లోపల ఇంకెవరైనా ఉన్నారా” అని వీధిలో అడిగితే జవాబు ఎలా వస్తుంది?

కాబట్టి అసలు కేబుల్ పీకకూడదు. వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో కేబుల్ కనెక్టెడ్ అనే గడి ఉంటుంది. అందులోని టిక్ తీసేస్తే గెస్ట్ కేబుల్ ఒక్కటే పీకినట్టు అవుతుంది. హోస్ట్ పని అప్పుడు చక్కబడి, టిక్ పెట్టగానే మళ్ళీ చెడితే దొంగ దొరికినట్టే. రెండు మూడుసార్లు చేసి, తమ్ముడు చేసినట్టు టైము రాసుకోవాలి. ఒక్కసారికే తీర్పు చెప్పకూడదు.

ఎలా సరిచేయాలి?

గెస్ట్‌కు ఇంటర్నెట్ మాత్రమే కావాలంటే నాట్ పెట్టండి. చాలా పాఠాలకు అదే చాలు.

బయటివాళ్ళు గెస్ట్‌ను చూడాలంటే బ్రిడ్జ్ పెట్టి, రౌటర్ పంచే వరుసకు బయట ఉన్న, ఎవరూ వాడని అడ్రసు ఇవ్వండి. పింగ్ చేసి జవాబు రాలేదని ఖాళీ అనుకోవద్దు. ఆ కంప్యూటర్ ఆపి ఉండవచ్చు, పింగ్‌కు జవాబివ్వకుండా సెట్ చేసి ఉండవచ్చు. పట్టిక చూసుకోవాలి.

నకలు తీసేటప్పుడు అన్ని నెట్‌వర్క్ కార్డులకూ కొత్త మ్యాక్ అడ్రసులు తయారు చేయమనే ఎంపికను తీసుకోండి. ఉబుంటు సర్వర్ నకలు అయితే నెట్‌ప్లాన్ ఫైలులో డీహెచ్‌సీపీ-ఐడెంటిఫైయర్ ఎదురుగా మ్యాక్ అని రాయండి. అప్పుడు అది మ్యాక్‌తోనే పరిచయం చేసుకుంటుంది.

వీధి పేరు ఒకటైతే ఆఫీసు నెట్‌వర్క్‌ను ముట్టుకోవద్దు. అది పదిమందిది. మన హోస్ట్-ఓన్లీ నంబరునే మార్చుకోవాలి.

మార్పు చేశాక పక్క కంప్యూటర్లలో పాత మ్యాక్ ఇంకా గుర్తుండవచ్చు. ఆర్ప్, ఖాళీ, అడ్డగీత, డీ, ఖాళీ, నక్షత్రం గుర్తు కొడితే విండోస్‌లో ఆ పట్టిక ఖాళీ అవుతుంది. ఇది అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లోనే పనిచేస్తుంది. రౌటర్‌ను ఒకసారి ఆపి వేస్తే దాని పట్టిక కూడా పోతుంది. కానీ ఆపే ముందు గదిలో ఎవరైనా ఫారం నింపుతున్నారేమో అడగండి.

అభ్యాసం

1. రెండు గెస్టులు నాట్‌లో ఉన్నాయి. రెండింటికీ 10.0.2.15 ఉంది. పేచీ వస్తుందా? ఎందుకు?

2. హోస్ట్ కేబుల్ పీకి పింగ్ చేస్తే జవాబు రాలేదు. దీన్నిబట్టి బ్రిడ్జ్‌లో ఉన్న గెస్ట్‌కు అదే అడ్రసు లేదని చెప్పగలమా?

3. నకలు తీసిన రెండు గెస్టులకు మ్యాక్ వేరుగా ఉన్నా ఒకే ఐపీ వస్తోంది. ఏ ఫైలును అనుమానించాలి?

జవాబులు నోటు పుస్తకంలో రాసి ఆదివారం తీసుకురండి.

చివరిగా ఒక మాట

మరుసటి ఆదివారం స్టడీ అవర్లో, ఎవరెవరి ముందు కసిరామో వాళ్ళందరి ముందే మేము ఆ తమ్ముడికి తప్పు ఒప్పుకున్నాం. నెట్ సెంటర్ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. “నాకు లైనక్స్ నేర్పండన్నా, చాలు” అన్నాడు. ఇప్పుడు మూడో నంబరు కంప్యూటర్ అతని చేతుల్లోనే ఉంది.

లైబ్రరీ గది తలుపు పక్కన గోడకు ఒక అట్ట వేలాడుతోంది చూశారు కదా. కంప్యూటర్ నంబరు, ఐపీ అడ్రసు, మ్యాక్ అడ్రసు, ఎవరు ఇచ్చారు, ఏ తేదీన అని ఐదు గడులున్న పట్టిక అది. చేతిరాత ఆ తమ్ముడిదే. కొత్త గెస్ట్ తయారు చేసేవాళ్ళు ముందు ఆ అట్టలో రాశాకే అడ్రసు ఇవ్వాలి. అట్ట నిండిపోతే వార్డెన్ గారిని అడిగితే ఇంకొకటి ఇస్తారు. ఎక్కడైనా ఉద్యోగంలో చేరిన పాత మిత్రులు మీ ఆఫీసులో ఇలాంటి పేచీ వచ్చి ఎలా తీర్చారో మాకు రాసి పంపండి. వచ్చే సంచికలో తమ్ముళ్ళకు చెబుదాం.